స్క్రీన్ నల్లబడితే ముందు క్యాప్స్‌లాక్ నొక్కి చూడు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి బాధ ఒకటే. విండోస్ పక్కన లైనక్స్ ఎక్కించారు, బొమ్మ రావడం లేదు, లేదా వచ్చినా సరిగ్గా రావడం లేదు. కాబట్టి ఈసారి పేజీ మొత్తం దీనికే. కింద ఉబుంటు, మింట్ అని కనిపించేవి రెండూ లైనక్స్ రకాలే.

కాకినాడ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పంతొమ్మిదేళ్లుగా కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటున్నాను. రాత్రి పదింటికి హాస్టల్ పిల్లలు ఫోన్ చేస్తే కమాండ్లు అక్షరం అక్షరం చెప్పి టైప్ చేయించడం అలవాటైపోయింది. ఇక్కడా అలాగే చెప్తాను. కమాండ్లు తెలుగులో రాశాను, మీరు టైప్ చేయాల్సింది ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో. స్పెల్లింగ్ తికమక పెట్టే చోట విడదీసి ఇచ్చాను.

ప్రశ్న: మేడమ్, నేను బీటెక్ మూడో సంవత్సరం. నాన్నగారు ఈఎమ్ఐ మీద కొనిచ్చిన ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంది. ఇంటెల్ ప్రాసెసర్, ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3050 కార్డు. ప్రాజెక్టు కోసం ఉబుంటు 24.04 పక్కన ఇన్‌స్టాల్ చేశాను. పెన్‌డ్రైవ్ నుంచి ‘సేఫ్ గ్రాఫిక్స్’ అని పెడితేనే స్క్రీన్ వచ్చింది. ఇన్‌స్టాల్ అయ్యాక ఉబుంటు మీద ఎంటర్ కొడితే మొత్తం నల్లగా అయిపోతోంది. సీనియర్ ఒకరు సెక్యూర్ బూట్ ఆఫ్ చేయమన్నారు. చేశాను. ఉబుంటు రాలేదు సరికదా, విండోస్ కూడా నీలం స్క్రీన్ పెట్టి 48 అంకెల కీ అడుగుతోంది. నాన్నగారి షాపు లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. ఆయనకింకా చెప్పలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.
ఒక విద్యార్థి, నరసరావుపేట

జవాబు: బాబూ, ముందు నాన్నగారి లెక్కల సంగతి చూద్దాం. అవి ఎక్కడికీ పోలేదు. ఆ నీలం స్క్రీన్ మీద రీసెట్, ఫార్మాట్ లాంటివి మాత్రం ఏవీ నొక్కకు.

జరిగింది ఇది. కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే, చాలాసార్లు మనం అడక్కుండానే డిస్కుకు బిట్‌లాకర్ తాళం పడిపోతుంది. తాళంచెవి మదర్‌బోర్డు మీదున్న టీపీఎమ్ అనే చిప్ దగ్గర ఉంటుంది. మెషీన్ ఏ స్థితిలో ఉన్నప్పుడు తాళం వేశారో, అందులో సెక్యూర్ బూట్, అంటే సంతకం లేని ప్రోగ్రాములను మెషీన్ మొదలయ్యేటప్పుడే ఆపే కాపలా, ఆన్‌లో ఉందో లేదో కూడా ఆ చిప్‌కు గుర్తే. నువ్వు ఆఫ్ చేసేసరికి దానికి అనుమానం వచ్చింది, తాళంచెవి ఇవ్వనంది. మెషీన్ సొంత సెట్టింగులు ఉండే బయాస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చెయ్యి. సాధారణంగా దాంతోనే విండోస్ మామూలుగా తెరుచుకుంటుంది. అప్పటికీ అడిగితే, ఆ స్క్రీన్ మీదే ఒక వెబ్ అడ్రస్ ఉంటుంది. దాన్ని ఫోన్‌లో తెరిచి, ల్యాప్‌టాప్ మొదటిరోజు ఇచ్చిన మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే 48 అంకెలూ దొరుకుతాయి. ఒకటికి మించి కీలు కనిపిస్తే, స్క్రీన్ మీదున్న కీ ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలతో పోల్చి చూసుకో. ఆ మొదటిరోజు ఖాతా షాపువాడు తనదేదో ఇచ్చి పెట్టి ఉంటే మాత్రం షాపుకు వెళ్లాల్సిందే.

విండోస్ తెరుచుకోగానే చేయాల్సిన మొదటి పని లెక్కల ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయడం. రెండోది ఆ 48 అంకెలు కాగితం మీద రాసుకోవడం. ఈ రెండూ అయ్యాక నాన్నగారికి చెప్పు. అప్పుడు ఆయనకు చెప్పడానికి నీ దగ్గర కాపీ కూడా ఉంటుంది.

ఇక ఉబుంటు. స్క్రీన్ నల్లబడ్డాక ఓ నిమిషం ఆగి క్యాప్స్‌లాక్ నొక్కు. లైటు వెలిగి ఆరుతోందా? అయితే మెషీన్ బతికే ఉంది, లోపల ఉబుంటు నడుస్తూనే ఉంది, బొమ్మ మాత్రం బయటికి రావడం లేదు. మీట నొక్కకుండానే ఆ లైటు టపటపా కొట్టుకుంటోందంటే కెర్నల్, అంటే ఉబుంటు గుండెకాయ లాంటి ప్రోగ్రాము, కుప్పకూలినట్టు, అది వేరే కథ. నీది మొదటి రకమే. సేఫ్ గ్రాఫిక్స్‌లో స్క్రీన్ వచ్చింది కదా, అదే సాక్ష్యం.

ఎందుకు రావడం లేదంటే, లైనక్స్ కెర్నల్‌తో పాటు ‘నువో’ అనే డ్రైవర్, అంటే గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడే ప్రోగ్రాము, వస్తుంది. ఫ్రెంచిలో నువో అంటే కొత్త. ఎన్విడియా తన కార్డుల లోగుట్టు చెప్పకపోతే, స్వచ్ఛందంగా పనిచేసే ప్రోగ్రామర్లు కార్డు ఎలా ప్రవర్తిస్తోందో బయటి నుంచి గమనించి రాసిన డ్రైవర్ అది. 2010 నుంచి కెర్నల్‌లో ఉంది. 2014లో వచ్చిన జీటీఎక్స్ 900 సిరీస్ నుంచి, ఎన్విడియా సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రాము) అయితేనే కార్డు లోనికి రానిస్తుంది. అప్పటినుంచి కొత్త కార్డుల దగ్గర నువో తడబడటం మొదలైంది. బూట్ అవుతూనే అది కార్డును చేతిలోకి తీసుకుంటుంది, సరిగ్గా నిలబెట్టలేకపోతే నీకు చీకటి. అందుకే ఈ ఒక్కసారికి దాన్ని కార్డు జోలికి పోవద్దని చెప్పి లోపలికి వెళ్లాలి.

ఎలాగంటే, ఆన్ చేయగానే ఉబుంటా, విండోసా అని అడిగే గ్రబ్ మెనూలో ఉబుంటు మీద నిలబడి ఎంటర్ బదులు ‘ఇ’ అక్షరం నొక్కు. ఓ పేజీడు లైన్లు వస్తాయి, సెట్‌పారమ్స్, ఇన్స్‌మాడ్ అంటూ. వాటితో నీకు పనిలేదు. బాణం మీటతో కిందికి వెళ్తూ ‘లైనక్స్’ అన్న మాటతో మొదలయ్యే లైను పట్టుకో. దాని తర్వాత ‘ఇనిట్‌ఆర్‌డి’ అన్న లైను ఉంటుంది, గుర్తు అదే. లైనక్స్ లైను పొడవు పట్టక కిందికి మడతపడి ఉంటుంది, మడత దగ్గర కనిపించే వాలుగీత గ్రబ్ పెట్టుకున్నది, దాన్ని చెరపకు. ఆ లైను చివరికొస్తే ‘క్వయట్ స్ప్లాష్’ అని ఉంటుంది. స్ప్లాష్ తర్వాత ఒక స్పేస్ ఇచ్చి ‘నోమోడ్‌సెట్’ అని కొట్టు. ఎన్ ఓ ఎమ్ ఓ డి ఇ ఎస్ ఇ టి, మధ్యలో ఖాళీ లేదు. ఆ తర్వాత ఎఫ్10. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్10 అంటే సౌండో బ్రైట్‌నెస్సో అవుతుంది, అప్పుడు కంట్రోల్, ఎక్స్ కలిపి నొక్కు.

డెస్క్‌టాప్ వస్తుంది. అక్షరాలు లావుగా ఉండొచ్చు, బ్రైట్‌నెస్ మీట పనిచేయకపోవచ్చు. నోమోడ్‌సెట్ అన్న మాట ఇంటెల్ డ్రైవర్‌ను కూడా పక్కన కూర్చోబెట్టేస్తుంది, అందుకు. ఇది ఈ ఒక్క బూట్‌కే, రీస్టార్ట్ చేస్తే ఆ మాట ఉండదు. కాబట్టి లోపల ఉండగానే అసలు డ్రైవర్ వేసేయాలి.

నెట్ కావాలి. వైఫై రాకపోతే ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యి, ఉబుంటు వెంటనే పట్టుకుంటుంది. కంట్రోల్, ఆల్ట్, టి నొక్కితే టెర్మినల్, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీ. మొదట ‘సుడో ఏపీటీ అప్‌డేట్’. సుడో అంటే ఎస్ యు డి ఓ. తర్వాత ‘ఉబుంటు-డ్రైవర్స్ డివైసెస్’, ఉబుంటుకూ డ్రైవర్స్‌కూ మధ్య హైఫన్, స్పేస్ కాదు. నీ కార్డు పేరు, కింద నాలుగైదు డ్రైవర్ల పేర్లు వస్తాయి. వాటిలో ఒకదాని చివర ‘రికమెండెడ్’ అని ఉంటుంది. దాని సంఖ్య ఎంతైనా నువ్వు ఎంచుకోనక్కర్లేదు. ‘సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్’ అంటే అదే వేసుకుంటుంది. టైప్ చేయడం ఇష్టంలేకపోతే అప్లికేషన్లలో ‘అడిషనల్ డ్రైవర్స్’ తెరిచినా ఇదే పని జరుగుతుంది.

ఇక్కడ ఒక మలుపు ఉంది, మా పిల్లలు ఎక్కువ మంది జారేది ఇక్కడే. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంది కాబట్టి డ్రైవర్‌కు సంతకం కావాలి. ఉబుంటు వాళ్లే సంతకం చేసి పంపిన డ్రైవర్ దొరికితే ఏమీ అడగదు, హాయి. డ్రైవర్‌ను నీ మెషీన్‌లోనే తయారుచేయాల్సి వస్తే మాత్రం ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. కనీసం ఎనిమిది అక్షరాలు. నీ లాగిన్ పాస్‌వర్డ్‌తో దీనికి సంబంధం లేదు, ఒక్కసారికే. కాగితం మీద రాసుకో. రీస్టార్ట్ కాగానే నీలం రంగు పేజీ వచ్చి ‘పెర్ఫార్మ్ ఎమ్‌ఓకే మేనేజ్‌మెంట్’ అంటూ పది నుంచి వెనక్కి లెక్కపెడుతుంది. విండోస్ నీలం స్క్రీన్ చూసి బెదిరి ఉన్నావు కనుక ముందే చెప్తున్నాను, ఇది అది కాదు. పది సెకన్లలోపు ఏదో ఒక మీట నొక్కాలి. చాయ్ తెచ్చుకోవడానికి వెళ్తే అయిపోతుంది. లోపల ‘ఎన్‌రోల్ ఎమ్‌ఓకే’, ‘కంటిన్యూ’, ‘ఎస్’, ఆ పాస్‌వర్డ్, ‘రీబూట్’. ఎన్‌రోల్ అంటే ఈ సంతకం నాకు సమ్మతమే అని మెషీన్ యజమానిగా నువ్వు ఒప్పుకోవడం.

పది సెకన్లు దాటిపోయిందా? మళ్లీ నోమోడ్‌సెట్‌తో లోపలికి వెళ్లి ‘సుడో అప్‌డేట్-సెక్యూర్‌బూట్-పాలసీ’ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, రెండు హైఫన్లు పెట్టి ‘ఎన్‌రోల్-కీ’ అను. సెక్యూర్‌బూట్ ఒకే మాట, మధ్యలో ఖాళీ లేదు. ఎన్‌రోల్‌లో ఎల్ రెండుసార్లు. పాస్‌వర్డ్ మళ్లీ అడుగుతుంది, ఆ నీలం పేజీ మళ్లీ వస్తుంది. మీ సీనియర్ సలహా ఈ మెలిక తప్పించుకోవడానికే. ఒకప్పుడు మేమూ అదే చెప్పేవాళ్లం. బిట్‌లాకర్ వచ్చాక మానేశాం.

అన్నీ అయ్యాక టెర్మినల్‌లో ‘ఎన్విడియా-ఎస్ఎమ్ఐ’ అని కొట్టు. గళ్లుగళ్లుగా పట్టిక వచ్చి అందులో నీ కార్డు పేరు, డ్రైవర్ వెర్షన్ కనిపిస్తే పని అయినట్టే. డ్రైవర్‌తో మాట్లాడలేకపోయానని ఒక్క వాక్యం వస్తే, ఫైళ్లు ఉన్నాయి గానీ కెర్నల్ వాటిని లోపలికి రానివ్వలేదని. మళ్లీ ఆ సంతకం దగ్గరికే వెళ్లు.

ఇంకొకటి. గ్రబ్ మెనూలోంచి విండోస్ ఎంచుకుంటే కొన్ని మెషీన్లలో బిట్‌లాకర్ మళ్లీ కీ అడుగుతుంది. అలా అయితే ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూ మీట నొక్కి నేరుగా విండోస్‌కు వెళ్లు. డెల్, లెనోవోలకు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9.

ప్రశ్న: ఇంటి నుంచి పని చేస్తాను. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు, విండోస్ రెండూ ఉన్నాయి. హెచ్‌డీఎమ్ఐ మానిటర్ విండోస్‌లో బాగానే వస్తుంది, ఉబుంటులో ‘నో సిగ్నల్’. రెండు కేబుళ్లు మార్చాను. మొన్నటిదాకా వచ్చేది. ఈ మధ్య బ్యాటరీ ఎక్కువసేపు రావాలని ఒక వీడియో చూసి ఎన్విడియాను ఆపేశాను. దానికీ దీనికీ సంబంధం ఉందా?
ఒక ఉద్యోగిని, కూకట్‌పల్లి

జవాబు: ఉందండీ, జవాబు మీ ప్రశ్నలోనే ఉంది.

ఇంట్లో ఇన్వర్టర్ పెట్టించినప్పుడు అన్ని ప్లగ్గులకూ ఆ లైను ఇవ్వరు కదా. హాల్లో ఫ్యాను తిరుగుతుంది, వంటింట్లో మిక్సీ తిరగదు. మీ ల్యాప్‌టాప్ వైరింగూ అలాంటిదే. లోపలి స్క్రీన్ ఇంటెల్ గ్రాఫిక్స్‌కు కలిపి ఉంటుంది. హెచ్‌డీఎమ్ఐ సాకెట్‌ను చాలా మోడళ్లలో ఎన్విడియా కార్డుకు కలుపుతారు. మీరు కార్డును పడుకోబెట్టారు, సాకెట్ కూడా దాంతోపాటే పడుకుంది. కేబుల్ పాపం ఏం చేస్తుంది.

టెర్మినల్‌లో ‘ప్రైమ్-సెలెక్ట్ క్వెరీ’ అని కొట్టండి, పి ఆర్ ఐ ఎమ్ ఇ. ‘ఇంటెల్’ అని జవాబు వస్తుందని నా అంచనా. ‘సుడో ప్రైమ్-సెలెక్ట్ ఆన్-డిమాండ్’ అని మార్చి రీస్టార్ట్ చేయండి. ఈ పద్ధతిలో మామూలు పనులన్నీ ఇంటెల్ చేస్తుంది, అవసరమైనప్పుడే ఎన్విడియా లేస్తుంది. ఏదైనా బరువైన ప్రోగ్రామును కావాలని ఎన్విడియా మీద నడపాలంటే దాని ఐకాన్ మీద రైట్ క్లిక్ చేస్తే ‘డిస్క్రీట్ గ్రాఫిక్స్ కార్డ్’తో తెరిచే వరుస కనిపిస్తుంది. బ్యాటరీ ఇంటెల్ ఒక్కదానితో ఉన్నంతసేపు రాదు, ఆ నష్టం ఒప్పుకోవాల్సిందే. బయటికి వెళ్లే రోజు ఇంటెల్‌కు మార్చుకుని, మళ్లీ ఇంటి దగ్గర ఆన్-డిమాండ్ పెట్టుకునే ఉపాధ్యాయులు మా కాలేజీలో ఉన్నారు. ఓపిక ఉంటే మంచిదే.

మీ ల్యాప్‌టాప్‌లో బొమ్మ పంపగల టైప్-సి పోర్టు ఉంటే ఒకసారి అక్కడ కూడా మానిటర్ తగిలించి చూడండి. కొన్ని మోడళ్లలో అది ఇంటెల్ లైను మీద ఉంటుంది. అలా అయితే ఎన్విడియాను లేపనక్కర్లేదు.

రెండు కార్డుల ఈ ఏర్పాటును ఎన్విడియా 2010లో ఆప్టిమస్ అన్న పేరుతో తెచ్చింది. మొదటి కొన్నేళ్లు లైనక్స్‌లో దీనితో పడ్డ పాట్లు అంతా ఇంతా కాదు. 2012లో ఫిన్లండ్‌లోని ఆల్టో యూనివర్సిటీలో ఈ విషయమే ప్రస్తావనకొస్తే, లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కెమెరా వైపు తిరిగి ఎన్విడియాకు మధ్యవేలు చూపించాడు. ఆ వీడియో మా ల్యాబ్‌లో పిల్లలు ఎన్నిసార్లు చూశారో. 2022 మే నెలలో ఎన్విడియా తన డ్రైవర్‌లో కెర్నల్‌కు సంబంధించిన భాగాన్ని ఓపెన్ సోర్స్ చేసింది, అదీ కొత్త తరం కార్డులకే. ఇప్పుడు పరిస్థితి మెరుగే. మీలాగా కార్డును చేత్తో ఆపేస్తే తప్ప.

ప్రశ్న: తెనాలిలో చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పాత డెస్క్‌టాప్, జీటీ 710 కార్డు. విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయి కదా అని మా అబ్బాయి పక్కన లైనక్స్ మింట్ వేశాడు. మొదట స్క్రీన్ రాకపోతే ఏదో వీడియో చూసి ఒక ఫైల్లో నోమోడ్‌సెట్ అని పర్మనెంట్‌గా పెట్టాడు. వచ్చింది గానీ 1024, 768 దగ్గరే ఆగిపోయింది. అక్షరాలు సాగి కనిపిస్తున్నాయి, వీడియో ప్లే చేస్తే ముక్కలు ముక్కలుగా వస్తోంది. కొత్త కార్డు కొనాలా?
ఒక డీటీపీ ఆపరేటర్, తెనాలి

జవాబు: కొనకండి. మీ అబ్బాయి వైద్యం మంచిదే చేశాడు, కట్టు విప్పడం మరిచిపోయాడు.

నోమోడ్‌సెట్ అన్నది లోపలికి వెళ్లడానికి ఒకసారి వాడుకునే మాట. అదే ఎప్పటికీ ఉంటే గ్రాఫిక్స్ కార్డు ఉండి కూడా లేనట్టే. బొమ్మ గీసే పని మొత్తం ప్రాసెసర్ మీద పడుతుంది. మింట్‌లో ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ తెరిచి గ్రాఫిక్స్ దగ్గర చూడండి, ‘ఎల్ఎల్‌విఎమ్‌పైప్’ అన్న వింత మాట కనిపిస్తే సంగతి అదేనని అర్థం. వీడియో ముక్కలవడానికి కారణమూ అదే.

తీసేయడం ఇలా. టెర్మినల్‌లో ‘సుడో నానో’, స్పేస్, తర్వాత స్లాష్ ఈటీసీ స్లాష్ డిఫాల్ట్ స్లాష్ గ్రబ్. మధ్యలో ఖాళీలు వద్దు. ఫైలు తెరుచుకుంటుంది. క్వయట్ స్ప్లాష్ అన్న మాటలు కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న లైను చూసి, వాటి పక్కనున్న నోమోడ్‌సెట్ ఒక్కటే చెరపండి. చివరి కొటేషన్ గుర్తు చెరిగిపోకుండా చూసుకోండి, ఎక్కువమంది చేసే పొరపాటు అదే. కంట్రోల్ ఓ, ఎంటర్, కంట్రోల్ ఎక్స్. ఆ తర్వాత ‘సుడో అప్‌డేట్-గ్రబ్’. ఇది కొట్టకపోతే ఫైలు మార్చినా మార్పు కనపడదు. రీస్టార్ట్ చేయండి.

జీటీ 710లు ఎక్కువగా కెప్లర్ తరానివి. ఆ తరానికి నువో డ్రైవర్ బాగానే పనిచేస్తుంది, టైపింగ్‌కూ బ్రౌజర్‌కూ యూట్యూబ్‌కూ అది చాలు. స్క్రీన్ మళ్లీ నల్లబడితే మాత్రమే, బూట్‌లో ఒక్కసారికి నోమోడ్‌సెట్ ఇచ్చి లోపలికి వెళ్లి, మింట్‌లోని ‘డ్రైవర్ మేనేజర్’ తెరిచి 470 సిరీస్ ఉందేమో చూడండి. కెప్లర్‌కు పనికొచ్చే చివరి సిరీస్ అదే. అంతకన్నా పెద్ద సంఖ్య బాగుంటుందని ఎక్కిస్తే కార్డును గుర్తించనే గుర్తించదు. డ్రైవర్లలో పెద్ద సంఖ్య అంటే కొత్త కార్డులకు అని అర్థం, మీ కార్డుకు మేలని కాదు.

అప్పటికీ రిజల్యూషన్ పెరగకపోతే మానిటర్ వెనక చేయి పెట్టి చూడండి. హెచ్‌డీఎమ్ఐని వీజీఏగా మార్చే చిన్న కన్వర్టర్ ఉందా? మానిటర్ తన సైజు ఎంతో ఈడీఐడీ అనే సమాచారం ద్వారా కార్డుకు చెప్పుకుంటుంది. చవక కన్వర్టర్లలో ఆ కబురు మధ్యలోనే ఆగిపోతుంది. కార్డుకు కబురు అందదు, అదేదో ఊహించుకుని 1024 దగ్గర ఆగుతుంది. జీటీ 710కి మామూలుగా వీజీఏ సాకెట్ ఉంటుంది, కేబుల్ నేరుగా అందులో పెట్టి చూడండి. మా ల్యాబ్‌లో ఇదే విషయం మీద నేను ఒక మధ్యాహ్నమంతా డ్రైవర్లు మార్చాను. చివరికి అటెండర్ వచ్చి కేబుల్ మార్చి వెళ్లాడు.

ఇంకో మాట, అడగకపోయినా. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ లైనక్స్‌లో నేరుగా నడవవు. శుభలేఖలు, కరపత్రాల పాత ఫైళ్లన్నీ మీకు వాటిలోనే ఉండి ఉంటాయి. కాబట్టి విండోస్ 10 భాగాన్ని తీసేయకండి. 2025 అక్టోబర్ 14తో దానికి ఉచిత మద్దతు ముగిసింది కనుక నెట్ కేబుల్ మాత్రం దానికి ఇవ్వకండి. పేజ్‌మేకర్ విండోస్‌లో నెట్ లేకుండా, మెయిలూ వాట్సాప్ వెబ్బూ మింట్‌లో. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు కూడా ముందు మింట్‌లో తెరిచి చూస్తే వైరస్ గొడవ తగ్గుతుంది.

ప్రశ్న: ఆరు నెలలుగా బాగా నడిచిన ఉబుంటు, నిన్న అప్‌డేట్ చేశాక నల్ల స్క్రీన్. ఎన్విడియా డ్రైవర్‌ను అప్పట్లో వాళ్ల సైట్ నుంచి డౌన్‌లోడ్ చేసి వేశాను. అంతా ఫార్మాట్ చేయడమేనా?
ఒక గ్రామ సచివాలయ ఉద్యోగి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఫార్మాట్ మాట ఎత్తకండి. గ్రబ్ మెనూలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోకి వెళ్తే రెండో మూడో కెర్నళ్లు కనిపిస్తాయి. పైది నిన్న వచ్చింది. దాని కింద, రికవరీ అని రాయనిది ఎంచుకోండి. నిన్నటిదాకా నడిచిన ఉబుంటు అలాగే వస్తుంది.

నాకూ ఈ దెబ్బ తగిలింది. 2013లో మా ల్యాబ్‌లో ఉబుంటు 12.04 ఉండేది. పెద్ద ఉత్సాహంతో ఎన్విడియా సైట్ నుంచి ఫైలు దింపి ఇరవై నాలుగు మెషీన్లకూ ఒక్కొక్కటిగా ఎక్కించాను. కొన్ని వారాలు అద్భుతం. ఎక్స్‌టర్నల్ ల్యాబ్ పరీక్ష ముందురోజు సాయంత్రం, అన్నీ తాజాగా ఉండాలని అప్‌డేట్ కూడా నేనే కొట్టాను. పొద్దున ఎనిమిదిన్నరకు ఆన్ చేస్తే వరుసంతా ఒకటే పెట్టె, ‘సిస్టమ్ లో గ్రాఫిక్స్ మోడ్‌లో నడుస్తోంది’ అని. బయట పిల్లలు హాల్‌టికెట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎక్స్‌టర్నల్ గారు టిఫిన్ చేసి వచ్చేలోపు ఒక్కో మెషీన్ దగ్గరికి వెళ్లి పాత కెర్నల్ ఎంచుకుంటూ పోయాను. ఆయన కుర్చీలో కూర్చునేసరికి ఇరవై ఒకటి లేచాయి. మిగతా మూడింటి ముందు పిల్లల్ని రెండో బ్యాచ్‌లో కూర్చోబెట్టాం.

కారణం ఏమిటంటే, ఎన్విడియా డ్రైవర్‌లో ఒక భాగం కెర్నల్‌కు అతుక్కుని ఉంటుంది. ఏ కెర్నల్‌కు కుట్టింది ఆ కెర్నల్‌కే సరిపోతుంది, కొలతలిచ్చి కుట్టించుకున్న చొక్కాలాగా. కెర్నల్ మారితే మళ్లీ కుట్టాలి. ఉబుంటు సొంత ప్యాకేజీ నుంచి వేస్తే ఆ పని అదే చూసుకుంటుంది. సైట్ నుంచి దింపి మామూలుగా వేస్తే ఆ సంగతి ఉబుంటుకు తెలియదు.

పాత కెర్నల్‌తో లోపలికి వెళ్లాక, మీరు దింపిన ఫైలు ఇంకా ఉంటే దాన్నే సుడోతో నడిపి, ఫైలు పేరు తర్వాత స్పేస్ ఇచ్చి, రెండు హైఫన్లు పెట్టి ‘అన్‌ఇన్‌స్టాల్’ అనండి. అది ఈసారి తనను తాను తీసేసుకుంటుంది. ఫైలు లేకపోతే ‘సుడో ఎన్విడియా-అన్‌ఇన్‌స్టాల్’ అన్నా అదే పని. ఆ తర్వాత ‘సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్’. ఇది మొదటి జవాబులో వివరంగా ఉంది.

ప్రశ్న: నా కొత్త ల్యాప్‌టాప్‌లో రైజెన్ ప్రాసెసర్, ఏఎండీ గ్రాఫిక్స్. ఉబుంటుకు డ్రైవర్ ఎక్కడ డౌన్‌లోడ్ చేయాలి?
ఒక ఎంసీఏ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: ఎక్కడా చేయక్కర్లేదమ్మా. ఏఎండీజీపీయూ అనే డ్రైవర్ 2015 నుంచి కెర్నల్‌లోనే ఉంది, ఏఎండీ వాళ్లూ అందులోనే రాస్తారు. మీ మోడల్ మరీ కొత్తదై స్క్రీన్ మినుకుమినుకుమంటుంటే కావలసింది కొత్త కెర్నల్. అప్‌డేట్లన్నీ వేసి చూడండి.

ప్రశ్న: స్క్రీన్ బాగానే ఉంది గానీ, ఉబుంటు వాడి విండోస్‌లోకి వస్తే గడియారం అయిదున్నర గంటలు వెనక్కి వెళ్తోంది. ఆదివారం ఆన్‌లైన్ మాక్ టెస్ట్ టైము తప్పిపోయింది. ఇది కూడా డ్రైవర్ సమస్యేనా?
ఒక పోటీ పరీక్షల అభ్యర్థి, అనంతపురం

జవాబు: కాదు, గ్రాఫిక్స్‌కు దీనికి సంబంధం లేదు. మదర్‌బోర్డు మీద ఒక చిన్న గడియారం ఉంటుంది. ఉబుంటు అందులో గ్రీనిచ్ లెక్కన టైము పెట్టి, చూపించేటప్పుడు మన అయిదున్నర గంటలు కలుపుకుంటుంది. విండోస్ అందులో ఉన్నదే ఇక్కడి టైము అనుకుంటుంది. ఉబుంటులో ‘టైమ్‌డేట్‌సీటీఎల్’, స్పేస్, ‘సెట్-లోకల్-ఆర్‌టీసీ’, స్పేస్, అంకె 1. టి ఐ ఎమ్ ఇ డి ఎ టి ఇ సి టి ఎల్, అన్నీ కలిపి. తర్వాత విండోస్‌లో డేట్ అండ్ టైమ్ సెట్టింగ్స్ తెరిచి ఒకసారి ‘సింక్ నౌ’ నొక్కండి. వచ్చే ఆదివారం టెస్ట్‌కు మాత్రం ఫోన్‌లో అలారం కూడా పెట్టుకోండి.